బఠాణీ పలకని ఆదివారం

చనిపోయినప్పటి నుంచీ ముక్కు మీద దురదగా ఉంది. యథావిధిగా శవపేటికలో పడుకోబెట్టి, ఛాతీ మీద రెండు చేతులూ మడిచి, వేళ్ళ సందున జపమాల చుట్టి, కదిలితే మడతలు నలుగుతాయని మేకప్ చేసే చాయో మరీ మరీ హెచ్చరించి వెళ్ళిన ఈ నల్లపట్టు గౌనులో, దీపాల వేడికి నుదుటి పౌడరు కింద చెమట సన్నగా దారి వెతుక్కుంటూ ఉండగా, కనుచూపు మేర పరచుకున్న కిత్తనార తోటలకూ, ఆ తోటల రసం కాచే సారాయి బట్టీలకూ, ఇద్దరు కృతఘ్నులైన కొడుకులకూ ఏలిక అయిన దోన్యా లియొనార్దా మోంతల్బాన్ అయిన నేను, రాజసానికి ఏ భంగమూ రాకుండా మరణించి ఉన్నాను. ఆ మహారాణిని ఏడాదిగా ఒంటి మీద మోస్తున్న నటి ఓఫెలియా సాంతిబానేస్ కూడా నేనే గనుక, ముక్కు గోక్కోవాలని లోలోపల అలమటించిపోతున్నాను. వెళ్ళేముందు చాయో నా మీదికి వంగి, “నా రాణీ, ఈసారైనా చచ్చాక కాలివేళ్ళు ఆడించకండి. పోయిన సీరియల్లో మిమ్మల్ని పాతిపెడుతుంటే దేశమంతా చూసింది” అంది. నవ్వాను. పెదవుల కదలిక చూసి, మాట పోల్చుకుని, ఆ తర్వాత నవ్వాను. పెదవులు చూసి. అక్కడే ఉంది సంగతంతా. ఇప్పుడు కళ్ళు మూసి ఉన్నాయి, చూడటానికి ఎవరి పెదవులూ లేవు, ఈ లోకానికీ నాకూ మధ్య మిగిలిన ఒకే ఒక్క దారం నా ఎడమ చెవిలో దూర్చిన బఠాణీ. అది పలకడం లేదు. పలకడం లేదా, పలుకుతున్నా నాకు వినపడటం లేదా? అడగడానికి లేదు. శవం అడగదు. అడిగిందంటే, అడగవలసి వచ్చిందని అందరికీ తెలిసిపోతుంది.

బఠాణీ అంటే తినేది కాదు. అంతే పరిమాణంలో ఉండి చెవి లోపల ఇమిడిపోయే చిన్న యంత్రం. మా దేశపు సీరియల్ సామ్రాజ్యం మొత్తం ఆ గింజ మీద నిలబడి ఉందంటే పరాయివాళ్ళు నమ్మరు. సంభాషణలు కంఠస్థం చేసేంత తీరికను చరిత్ర మాకు ఏనాడూ ప్రసాదించలేదు. పొద్దున రాసింది మధ్యాహ్నం తీసి రాత్రికి చూపించాలి. అందుచేత గాజుగదిలో కూర్చున్న ప్రాంప్టర్ అందరి మాటలూ వరసగా మైకులో చదువుకుంటూ పోతాడు, అందరి చెవుల్లోని బఠాణీలూ ఒక్కసారే పలుకుతాయి, అందులోంచి ఎవరి మాట వాళ్ళు ఏరుకుని, అదేదో ఆ క్షణాన గుండె పగిలి పుట్టినట్టు బయటికి వదులుతాం. మాటలే కాదు, ఏడవమన్నా, వెనక్కి తిరగమన్నా, ఎదుటివాడి చెంప పగలగొట్టమన్నా ఆ గొంతే చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా నా లోపల ఆ గొంతు దోన్ ఫెర్మీన్‌ది. కన్నతల్లి గొంతు కంటె, కట్టుకున్నవాడి గొంతు కంటె, ఆ మాటకొస్తే నా సొంత గొంతు కంటె నాకు ఎక్కువ పరిచయమైన గొంతు; వాక్యానికీ వాక్యానికీ మధ్య పిప్పరమెంటు బిళ్ళ పళ్ళకు తగిలి టిక్కుమనే చప్పుడుతో సహా. ఆయన కొంచెం ముందుగా చదువుతాడు, నేను కొంచెం వెనకగా జీవిస్తాను. నా మొదటి సీరియల్లో నేను పనిమనిషిని, ట్రే పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను, చెవిలో ఆ గొంతు “కన్నీళ్ళతో, తనలో తాను, ఆయన నన్నెన్నటికీ ప్రేమించడు” అంది. నేను విధేయురాలిని. ఒక్క అక్షరం కింద పడనివ్వకుండా, నిజమైన కన్నీళ్ళతో, “కన్నీళ్ళతో, తనలో తాను, ఆయన నన్నెన్నటికీ ప్రేమించడు” అన్నాను. మళ్ళీ తీసే వ్యవధి లేక అలాగే ప్రసారం చేశారు. నా కీర్తికి అదే పునాదిరాయి. ఇప్పటికీ చేపల మార్కెట్‌లో ఆడవాళ్ళు నన్ను చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుని, కన్నీళ్ళతో, తనలో తాను, రొయ్యలు కావాలా దోన్యా, అంటారు. చక్రవర్తులకు శిలాశాసనాలు, నాకు రొయ్యలు.

ఆ తర్వాత ఏమేం కాలేదు నేను. సన్యాసినిని అయ్యాను, మఠంలోంచి పారిపోయాను. మూడుసార్లు గుడ్డిదాన్ని అయ్యాను, మూడుసార్లూ పెళ్ళినాడే చూపు వచ్చింది. పుట్టగానే మారిపోయిన బిడ్డల్ని ఇరవై ఏళ్ళ తర్వాత పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టాను. కంటికి గంత కట్టుకుని పాపిష్టిదాన్ని అయినప్పుడు విమానాశ్రయంలో ఒక ముసలావిడ నన్ను గొడుగుతో కొట్టింది. జీవితంలో నాకు దక్కిన నిఖార్సైన బహుమతి అదొక్కటే. ఇంత చేసినా ఏ రచయితకూ నన్ను చెవిటిదాన్ని చెయ్యాలని మాత్రం తోచలేదు. ఎందుకు తోస్తుంది? గుడ్డిదానికి కళ్ళలో నీళ్ళు మెరుస్తాయి, కెమెరా కరిగిపోతుంది; చెవిటిదానికి మెరిసేందుకు ఏముంది? అదీగాక మా కళ మొత్తం తలుపు చాటున వినడం మీద కదా ఆధారపడి ఉంది. కథానాయిక తలుపు చాటున వింటుంది, సవతి తెర చాటున వింటుంది, పనిమనిషి తాళపుచెవి రంధ్రం దగ్గర వింటుంది. వినడం అనేది ఒక్క వారం ఆగిపోతే ఈ దేశంలో ఏ రహస్యమూ బయటపడదు, ఏ ఆస్తీ చేతులు మారదు, ఏ పెళ్ళీ చెడదు. దోన్యా లియొనార్దా కూడా ఇప్పుడు చేస్తున్నది అదే. ఏదో పసరు తాగి చచ్చినట్టు నటించి, తన శవజాగరణ తనే జరిపించుకుంటూ, శవపేటికను మించిన తలుపుచాటు ఈ భూమ్మీద లేదు గనుక, పెద్దకొడుకు ఒక్తావియో నోటి వెంట నిజం వచ్చేదాకా వింటూ పడుకుంది. వినడానికే చచ్చిపోయిన మనిషి ఆవిడ. ఆ పాత్రకు ఏరికోరి నన్ను పెట్టారు.

ముందు కుడి చెవి పోయింది. పోయిందని తెలియడానికే చాలాకాలం పట్టింది, ఎందుకంటే బఠాణీ ఎప్పుడూ ఎడమదాంట్లోనే ఉండేది, కుడి చెవికి లోకం చెప్పినవాటిలో వినదగినవి తక్కువ. ఈ ఏడాది వానలతో పాటు ఎడమది పోవడం మొదలైంది. కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది, నేను పక్కనే ఉన్నాను. మా వీధి మొత్తాన్ని నిద్ర లేపే గ్యాసు బండివాడు ఒకనాడు నా గుమ్మం ముందు నోరు తెరిచి, నరాలు ఉబ్బేలా ఏమీ అనలేదు; పాపం గొంతు పోయింది కాబోలని జాలిపడ్డాను. ఆ జాలి ఎవరి మీద పడాలో అర్థమయ్యాక తలకు రుమాలు కట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, రాజధానిలో అయితే పత్రికలవాళ్ళు పసిగడతారని పుయెబ్లా దాకా బస్సులో వెళ్ళి, మారుపేరుతో ఒక చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. గుమాస్తా పిల్ల నన్ను చూసిన వెంటనే, కన్నీళ్ళతో, తనలో తాను, అంది, ఫోటో దిగింది. డాక్టరు మాత్రం గంభీరమైన మనిషి. పరీక్షలన్నీ చేసి, చేతులు కడుక్కుని, టవలుతో తుడుచుకుంటూ, నాకు వీపు తిప్పి, నా తీర్పు చెప్పాడు. వీపుకు పెదవులు ఉండవు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. మళ్ళీ చెప్పమంటే, మళ్ళీ చెప్పమనడమే తీర్పు అవుతుందని తోచింది. అందుకని ఏ విషాదాన్నైనా హుందాగా స్వీకరించడానికి అలవాటు పడిన ముఖంతో తల పంకించి, డాక్టరు చెయ్యి నొక్కి, తిరుగు బస్సెక్కాను. ఆయన ఏం చెప్పాడో ఈనాటికీ తెలియదు. కోలుకుంటుందన్నాడేమో. ఉన్న నాలుగు చప్పుళ్ళూ వినేసుకొమ్మన్నాడేమో.

బఠాణీ ఇంకా పలకడం లేదు. మామూలు రోజైతే ఫరవాలేదు. టేపు మీద చనిపోయినవాళ్ళు ఎన్నిసార్లైనా చనిపోవచ్చు, ఎన్నిసార్లైనా లేవవచ్చు. లేవడం ఆలస్యమైతే దీపాలవాళ్ళ మీద నాలుగు కేకలు వేసి ఇంకోసారి తీయించుకోవచ్చు. ఇన్ని నెలలూ అలాగే నెట్టుకొచ్చాను. కానీ మా నిర్మాత, పట్టా చదివినందుకు లిసెన్సియాదో అని పిలిపించుకునే ఉర్బీనాకు చివరి భాగాన్ని నేరుగా, ఈ ఆదివారం సాయంత్రం, దేశమంతా సోఫాల్లో కూర్చుని చూస్తుండగా, జరిగింది జరిగినట్టు ప్రసారం చెయ్యాలని ఒక దివ్యమైన ఆలోచన పుట్టింది. మొన్న భోజనాల దగ్గర నా చెయ్యి పట్టుకుని, దోన్యా లియొనార్దా మృత్యువును జయించి లేస్తుందనీ, ఆవిడ లేచిన చోటునుంచి సీరియల్ రెండో పర్వం మొదలవుతుందనీ, ఇంకో రెండేళ్ళు నన్ను సింహాసనం దిగనివ్వననీ చెప్పాడు. ఎదురుగా కూర్చుని చెప్పాడు, అందువల్ల తెలిసింది. నేను లేవవలసింది ఎప్పుడంటే, ఒక్తావియో శవం దగ్గర మోకరిల్లి, తమ్ముణ్ణి కొండగుహలో బంధించింది తనేనని ఒప్పుకుని, పిడికిలితో పేటిక అంచును గుద్దాలి. అప్పుడు దోన్ ఫెర్మీన్ బఠాణీలో “లే” అనాలి. నేను లేచి, “అంతా విన్నాను, ఒక్తావియో” అనాలి. ఆ తర్వాత నాకు మూడు పేజీల శాపం ఉంది. మూడు పేజీలూ బఠాణీలోంచే రావాలి. లేవకపోతే దేశం ముందు చచ్చి ఉండిపోతాను. లేచి నోరు మెదపకపోతే అంతకంటె అన్యాయం. ఒక్తావియో వేషం వేసే ఈకెర్‌ను రిహార్సల్లో పిడికిలి గట్టిగా గుద్దమన్నాను. “ఇంకా గట్టిగానా జెఫా? చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు” అన్నాడు. తల్లినీ పైఅధికారినీ ఒకే మాటలో కలిపి జెఫా అనడం ఈ కాలపు కుర్రాళ్ళకు మర్యాద. అదే కావాల్సింది నాయనా, అన్నాను. చెవులు మోసం చేసినా వీపు మోసం చెయ్యదు. చెక్కకు ఆనుకున్న వీపుకు పిడికిలి దెబ్బ తప్పక తెలుస్తుంది. నా సామ్రాజ్యం మొత్తం ఇప్పుడు నా రెండు రెక్కల ఎముకల మధ్య ఉంది.

దోన్ ఫెర్మీన్‌కు తెలుసా? తెలుసు. తెలియకేం. కొన్ని నెలలుగా నా మాటలు వచ్చినప్పుడల్లా గొంతు పెంచుతున్నాడు, మిగతావాళ్ళు బఠాణీలు పీకి చెవులు రుద్దుకుంటున్నారు, మెదడు ఉడికిపోతోంది తాతా అని ఈకెర్ గాజుగది వైపు అరిచాడు కూడా. ఒకరోజు కాఫీ యంత్రం దగ్గర ఆయనే ఎదురయ్యాడు. పొట్టి మనిషి, కాళ్ళకు ఇంటి చెప్పులు, ఎవరికీ కనపడని ఉద్యోగానికి బూట్లు దండగని కాబోలు. ఆయన వట్టి గొంతు కాక మనిషి కూడా కావడం నన్ను ఎప్పుడూ కొంచెం ఇబ్బంది పెడుతుంది. కాఫీలోకి చూస్తూ కాదు, నా ముఖంలోకి చూస్తూ, పెదవులు విడదీసి నెమ్మదిగా అన్నాడు: “దోన్యా ఓఫెలియా, నా గొంతు ముసలిదైపోయింది. మీకు సరిగా అందట్లేదేమో.” నేరం తన మీద వేసుకుని నాకు దారి ఇచ్చాడు. ఆ దారిన పోవడానికి నా కిరీటం అడ్డం వచ్చింది. “గొంతు బాగానే ఉంది దోన్ ఫెర్మీన్, ముందు ఆ పిప్పరమెంటు మానండి” అన్నాను. ఆయన తల ఊపి, బిళ్ళ నోట్లోంచి తీసి రుమాల్లో చుట్టుకున్నాడు. ఆ రోజు నుంచీ బఠాణీలో టిక్కు లేదు. ఎంత తెలివితక్కువ పని చేశానో తర్వాత తెలిసింది. మాటలు అందకపోయినా ఆ టిక్కు అందేది. యంత్రం బతికే ఉందని, అవతల మనిషి ఉన్నాడని చెప్పేది. ఇప్పుడు ఆ టిక్కు కోసం, ఒక్క పిప్పరమెంటు చప్పుడు కోసం, ఈ నల్లపట్టు కింద నా ప్రాణం కొట్టుకుంటోంది.

కాలి బొటనవేలు. ఎవరో నొక్కారు. ఫ్లోర్ మేనేజర్ తాచో. ప్రసారం మొదలవగానే మీ కాలు నొక్కుతానన్నాడు, అన్నమాట నిలబెట్టుకున్నాడు. కోట్లాది ప్రజలు నన్ను చూస్తున్నారన్న మహత్తర వార్త నా బొటనవేలి ద్వారా నాకు చేరింది. ఊపిరి బిగించాను, కాదు, సన్నగా వదిలాను, పట్టు కదలనంత సన్నగా. ఇప్పుడు బఠాణీ పలకాలి. శవజాగరణకు వచ్చినవాళ్ళ మాటలు ముందుగా వస్తాయి, లియొనార్దా వదినగారి ఏడుపు, పాద్రీ ఓదార్పు, ఇవన్నీ నా చెవిలో ముందు పుట్టి తర్వాత వాళ్ళ నోళ్ళలో పుట్టాలి. ఏమీ లేదు. వానకు ముందు పొలం మీద కమ్మే నిశ్శబ్దం లాంటిది. అయితే వీపు వింటోంది. అడుగులు. మడమలు ఎత్తైనవి వదినవి, ఈడ్చుకుంటూ వచ్చేవి పాద్రీవి. కాఫీ వాసన, నిజం కాఫీ, దాంట్లో చెరకు సారా పోశారు, సెట్టు సామాను చూసేవాళ్ళు దొంగచాటుగా పోసి ఉంటారు. రజనీగంధాల వాసన. మైనం వాసన. చెక్కలోంచి జనం బరువు తెలుస్తోంది, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఈ తెలియడం నాకు కొత్త కాదు. అల్వరాదోలో, ఏరు సముద్రంలో కలిసే మా ఊళ్ళో, మా అమ్మమ్మ మామా చోనా శవాల దగ్గర ప్రార్థనలు చెప్పించేది. పడవలవాళ్ళు ఎవరు పోయినా ఆవిడ రావాలి, తొమ్మిది రోజులూ ఆవిడ గొంతే ఇంట్లో తిరగాలి. మా ఊరు బూతులకు ప్రసిద్ధి, మామా చోనా ప్రార్థనకూ బూతుకూ మధ్య గుమ్మం కూడా కట్టలేదు. ఒకే ఊపిరిలో దేవమాతను బతిమాలి, కాఫీ తేవడం ఆలస్యం చేసినవాణ్ణి బండబూతులు తిట్టి, మళ్ళీ దేవమాత దగ్గరికి వచ్చేది. నన్ను బల్ల కింద కూర్చోబెట్టేవాళ్ళు. పైన శవం, కింద సున్నంతో గీసిన సిలువ, మధ్యలో నేను, ఊగే బల్లకాలును పట్టుకుని. మామా చోనా ఒక పేరు పిలిచేది, ఊరంతా “మా కోసం వేడుకో” అనేది. ఆ జవాబు నాకు చెవుల్లోంచి వచ్చేది కాదు, బల్లకాల్లోంచి అరచేతుల్లోకి వచ్చేది. తేనెపట్టును గుప్పిట్లో పట్టుకున్నట్టు ఉండేది.

అడుగులు వస్తున్నాయి. బూట్లు, కుర్రాడి నడక, ఒక్తావియో. మోకాళ్ళు నేలకు తగిలాయి, తెలిసింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు కాబోలు. గుహ సంగతి చెబుతున్నాడు. తమ్ముడి సంగతి చెబుతున్నాడు. ఇంకొంచెంలో పిడికిలి. ఇంకొంచెంలో. ముక్కు మీద దురద కొండంత అయింది. పిడికిలి రాలేదు. ఇది సుదీర్ఘమైన పేజీ, ఏడుస్తూ చెబుతాడు, తొందరపడకు. నా నిజం పెళ్ళినాడు కూడా ఇలాగే తొందర పడవలసిన చోట పడలేదు. పాద్రీ నన్ను అడిగాడు, ఇతన్ని భర్తగా స్వీకరిస్తావా అని. నేను కన్నీళ్ళు నింపుకుని, గడ్డం పైకెత్తి, ఆగాను. పాద్రీ మళ్ళీ అడిగాడు. నేను గాజుగది ఉండవలసిన గోడ వైపు చూశాను, అక్కడ పునీత ఆంతోనియో విగ్రహం ఉంది, ఆయన కూడా ఏమీ అందివ్వలేదు. జనం నవ్వారు, సిగ్గుపడుతోందనుకున్నారు. వరుడు నవ్వలేదు, కెమెరా మనిషి ఆయన, నేను ఎటు చూశానో, ఎందుకు చూశానో ఆయనకు తెలుసు. కొన్నేళ్ళ తర్వాత పెట్టె సర్దుకుంటూ, “నీ నోటి వెంట నీ మాట ఒక్కటి విని పోదామని ఆగాను ఓఫె” అన్నాడు. దానికీ ఏదో చెప్పాలనుకున్నాను. ఎవరూ అందించలేదు. పిడికిలి రాలేదు. నిజంగా రాలేదా? నా వీపు కూడా పోయిందా? అదొక్కటే మిగిలింది, అది కూడానా. గుద్దే ఉంటాడు. లే అని దోన్ ఫెర్మీన్ అరిచే ఉంటాడు. దేశం చూస్తూ ఉంటుంది, ఉర్బీనా చూస్తూ ఉంటాడు, ముసలిది నిద్రపోయిందనుకుంటారు, పోయిందనే అనుకుంటారేమో, డాక్టరును పిలుస్తారు, ఈసారి డాక్టరు నా వైపు తిరిగి అందరికీ వినపడేలా చెబుతాడు.

అయినా ఏదో తేడాగా ఉంది. చెక్క. చెక్కలో ఒక్క అడుగు లేదు. వదిన మడమలు లేవు, పాద్రీ ఈడ్చే అడుగులు లేవు, కాఫీ తెచ్చేవాళ్ళు లేరు. బల్ల కింద పెరిగిన మనిషిని నేను. శవం చుట్టూ జనం ఇంత బిగుసుకుని నిలబడటం ఎక్కడా ఉండదు. చచ్చిన మనిషి ఇంట్లో ఎవరో ఒకరు కదులుతూనే ఉంటారు, దగ్గుతారు, కుర్చీ జరుపుతారు, లోపలికి పోయి ఇంకో కప్పు తెచ్చుకుంటారు. ఇలా కట్టెల్లా నిలబడిపోయేది ఏం చెయ్యాలో తెలియని నటులు మాత్రమే.

కళ్ళు తెరిచాను.

ఈకెర్ నా మీదికి వంగి మోకాళ్ళ మీద ఉన్నాడు, నోరు సగం తెరిచి, చూపుడువేలు చెవిలో. పక్కన వదిన, వేలు చెవిలో. పాద్రీ జపమాల వదిలేసి, వేలు చెవిలో. నా సామ్రాజ్యపు సామంతులందరూ వరసగా నిలబడి చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, దీపాల కింద చేపల్లా నోళ్ళు తెరిచి, ఒక్క మాట లేక చూస్తున్నారు. వాళ్ళ భుజాల మీదుగా గాజుగది, అందులో దోన్ ఫెర్మీన్ నిలబడి మైకును అరచేత్తో కొడుతున్నాడు, మీటలు నొక్కుతున్నాడు, నోరు ఆడిస్తున్నాడు. యంత్రం చచ్చిపోయింది. యంత్రం. అందరికీ. నేను కాదు. నా చెవి కాదు. ఇన్ని నెలలుగా నా గుండె మీద కూర్చున్న ఏనుగు లేచి నిలబడింది. దేశంలోని మహానటులందరూ వరసగా నా రాజ్యంలోకి కాందిశీకుల్లా వచ్చి పడ్డారు, వాళ్ళకు ఇక్కడి దారులు తెలియవు, నాకు తెలుసు. ప్రకటనలకు పోవాలన్న తెలివి పైన ఎవరికీ తోచినట్టు లేదు; కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, దాని వెనక ఉర్బీనా ముఖం పిండిబొమ్మలా ఉంది. నేను లేచి కూర్చున్నాను. కోట్లాది ప్రజల సమక్షంలో, తొందరపడకుండా, ముక్కు గోక్కున్నాను.

ఇక మాట్లాడాలి. మూడు పేజీల శాపంలో నాకు ఒక్క అక్షరం రాదు. ఎవరికీ ఏమీ రాదు. ఈ గదిలో ఉన్న ఇంతమందికీ, ఏ బఠాణీ లేకుండా, వచ్చిన మాట ఏదైనా ఒక్కటి ఉందా అని వెతికాను. ఉంది. జపమాల ఎత్తి, మామా చోనా గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ, గాలికి ఎదురుగా పడవలవాళ్ళను కేకేసే ఆ బొంగురు గొంతుతో పిలిచాను: “ఏటి మొగలో నిలబడ్డ తల్లీ.”

ముందు వెనక వరసలోంచి వచ్చింది. రోజుకూలికి శవజాగరణలో నిలబడటానికి తెచ్చిన ముసలావిడలు, వాళ్ళకు బఠాణీలే ఉండవు. పెదవులు కదిలాయి. మా కోసం వేడుకో. “తడి వలలు మోసే తల్లీ.” ఈసారి వదిన పెదవులు కూడా, వేలు చెవిలోంచి జారింది. పాద్రీవి. ఈకెర్‌వి, ఆ పిల్లవాడికి కూడా ఎవరో అమ్మమ్మ ఉండి ఉంటుంది. మా వాళ్ళ సంగతి అది, ఎవరైనా ఆ రాగంలో ఒక పేరు పిలిస్తే ఆ పేరు ఏమిటో వినకుండానే జవాబిస్తారు. వీపు పేటికకు ఆనుకుంది, జవాబు చెక్కలోంచి పైకి పాకింది, తేనెపట్టు. మామా చోనా పేర్లు అయిపోయాయి. ఆగలేదు. ఆగాలని తోచలేదు. “గొడుగు దెబ్బలు తిన్న తల్లీ” అన్నాను, మా కోసం వేడుకో అన్నారు. “కన్నీళ్ళతో, తనలో తాను మాట్లాడుకునే తల్లీ.” వేడుకో. “పెళ్ళినాడు జవాబు దొరకని తల్లీ.” వేడుకో. “వీపు తిప్పి చెప్పిన మాట కోసం ఇప్పటికీ కాచుకున్న తల్లీ.” వేడుకో, వేడుకో. ఎవరూ ముందుగా చదవడం లేదు, నేను వెనకగా లేను. గాజుగది తలుపు తెరుచుకుంది, దోన్ ఫెర్మీన్ ఇంటి చెప్పులతోనే కెమెరా ముందుకు నడిచి వచ్చి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఆయన మొదటి ప్రవేశం. ఆయన పెదవులు కూడా జవాబే చెబుతున్నాయి.

అప్పుడు ముఖాలు మారాయి. ఒక్కసారిగా అందరి కళ్ళలోకీ దీపం వచ్చింది, భుజాలు సర్దుకున్నాయి, వదిన చటుక్కున కన్నీళ్ళు పెట్టుకుంది. గాజుగదిలో దోన్ ఫెర్మీన్ కుర్చీలో ఆయన సహాయకురాలు కూర్చుని మైకులో చదువుతోంది. యంత్రం బతికింది. ఈకెర్ బరువు దిగినవాడిలా ఊపిరి తీసి, గడగడా గుహ సంగతి ఒప్పేసుకుని, లేచి కూర్చున్న నా పక్కనే, వినయంగా, చెప్పింది చెప్పినట్టు, పేటిక అంచును పిడికిలితో గుద్దాడు. దెబ్బ ఎముకల దాకా తగిలింది. అందరూ నా వైపు చూశారు. నేను ఎడమ చెవిని లోపలి నుంచి తడిమాను, ఇంటి యజమాని ఖాళీ చేసి పోయిన గదిని తడిమినట్టు. అందరి బఠాణీలూ పలుకుతున్నాయి. నాది పలకడం లేదు. కాసేపటి క్రితం లేచిన ఏనుగు తిరిగి వచ్చి, తన చోటు తనకు తెలిసినట్టు కూర్చుంది. డాక్టరు పుయెబ్లాలో ఏం చెప్పాడో ఇప్పుడు విన్నాను.

మోకాళ్ళ మీద ఉన్న దోన్ ఫెర్మీన్‌కు తెలిసిపోయింది. కెమెరాకు వీపు తిప్పి, నాకు ఎదురుగా, పసిబిడ్డకు మాటలు నేర్పేవాడిలా పెదవులు విడదీసి అందించాడు: అంతా విన్నాను, ఒక్తావియో. చదివాను. ప్రతి అక్షరమూ చదివాను. మూడు పేజీలూ అలాగే అందిస్తాడు, నాకు తెలుసు, ఆ శాపంతో దేశాన్ని గడగడలాడించగలను, ఉర్బీనా నా చెయ్యి ముద్దు పెట్టుకుంటాడు, రెండో పర్వం మొదలవుతుంది. ఆ పర్వమంతా ఈ ముసలాయన ఇంటి చెప్పులతో, ప్రతి తలుపు చాటునా నా ఎదురుగా మోకరిల్లుతూ ఉండాలి. ఆయన ఉంటాడు కూడా. అందుకే ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపాను. ఈకెర్ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాను. పాపం, శాపం కోసం సిద్ధంగా ఉన్నాడు.

“నాకేమీ వినపడలేదు నాయనా” అన్నాను.

ఆ మాటకు ఒక్తావియో ఏడ్చాడో, ఈకెర్ ఏడ్చాడో చెప్పలేను. ఏడవమని ఏ బఠాణీ చెప్పి ఉండదు. దోన్ ఫెర్మీన్ తల దించుకున్నాడు. నేను గౌను మడతలు సర్దుకుని, వెనక్కి వాలి, చేతులు ఛాతీ మీద మడుచుకుని, జపమాల వేళ్ళ సందున చుట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండో పర్వానికి ఏ రచయితా మళ్ళీ లేపడానికి వీల్లేనంత శ్రద్ధగా, చనిపోయాను. కాలివేళ్ళు ఆడించలేదు. కాసేపు చెక్కలో ఏమీ లేదు. తర్వాత మొదలైంది, ఎవరు పిలుస్తున్నారో తెలియదు, జవాబు మాత్రం తెలుస్తోంది, వీపు కింద, మోచేతుల కింద, మడమల కింద. తాచో వచ్చి బొటనవేలు నొక్కాడు, అంటే ప్రసారం అయిపోయింది, దీపాలు ఆర్పేస్తారు, లేవవచ్చు. ఇంకోసారి నొక్కాడు. చెక్క ఇంకా పలుకుతూనే ఉంది. కెమెరా లేకుండా ఎవరి కోసమో మరి. అయ్యేదాకా పడుకున్నాను.